జాంగో మూడో పాఠం: చుట్టు తొవ్వా, దగ్గరి తొవ్వా?

నల్లగొండలో ఆదివారాలు డిగ్రీ పిల్లలకు జాంగో చెప్తుంటాను, అంటే పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. మొదటి రెండు పాఠాల దాకా ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండదు. ప్రాజెక్టు మొదలుపెట్టడం, టేబుళ్లు తయారుచేయడం, అడ్మిన్ పేజీ తెరిచి మురిసిపోవడం, అన్నీ చెప్పినట్టు కొడితే అయిపోతాయి. మూడో పాఠం వ్యూలు, టెంప్లేట్లు. అక్కడికి వచ్చేసరికి గదిలో అటూ ఇటూ చేతులు లేస్తాయి. "సార్, నాది వస్తలేదు." మహబూబ్‌నగర్‌లో ఇదే పాఠం చెప్పే మిత్రుణ్ని అడిగితే తన దగ్గరా అదే కథ అన్నాడు.

అందరం ముందుపెట్టుకునేది జాంగో వాళ్ల అధికారిక పాఠాన్నే. ఎనిమిది భాగాలు, ఓటింగ్ పెట్టే చిన్న యాప్, మూడో భాగంలో వ్యూలు, టెంప్లేట్లు. పాఠం మంచిదే. కానీ దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించి చెప్తే మన పిల్లలు ఆగే చోట్లు వేరుగా ఉన్నాయి. నా నోట్సు ఇప్పటికి చాలాసార్లు తిరగరాశాను. ఆ క్రమంలో రెండు మూడు దారులు కనిపించి, ఏది తీసుకోవాలో తేల్చుకోవాల్సి వచ్చిన చోట్లన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీరు పాఠం చెప్పేవాళ్లైనా, ఏ పాఠం పట్టుకుని నేర్చుకోవాలా అని చూస్తున్నవాళ్లైనా పనికొస్తుంది. ఫంక్షన్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను, ఎడిటర్‌లో ఎలా కొట్టాలో మీకు తెలుసు.

పేరుతోనే మొదలయ్యే తికమక

జావా చదివి వచ్చిన పిల్లలకు వ్యూ అంటే తెరమీద కనిపించేది. జాంగోలో అలా కాదు. ఏ సమాచారం చూపించాలో నిర్ణయించే పైథాన్ ఫంక్షన్ వ్యూ, అది ఎలా కనిపించాలో చెప్పేది టెంప్లేట్. ఈ తేడాను మొదటి పది నిమిషాల్లో తేల్చకపోతే పిల్లలు రంగులు మార్చడానికి వ్యూ ఫైలు తెరుస్తారు.

దీన్ని నిర్వచనంతో చెప్పొచ్చు, బొమ్మ గీసి చెప్పొచ్చు, తెలిసిన పనితో పోల్చి చెప్పొచ్చు. నిర్వచనం రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, కోడ్ దగ్గర మర్చిపోతారు. బాణాలతో గీసే బొమ్మ మాకు బాగా తెలిసినట్టుంటుంది, వాళ్లకు ఇంకో బొమ్మ. నాకు పనిచేసింది మార్కెట్ యార్డు.

రైతు బత్తాయి తెచ్చాడు. గేటు దగ్గర ఒకాయన బండి చూసి ఏ షెడ్డుకు పోవాలో చెప్తాడు. ఆయన యూఆర్‌ఎల్ ఫైలు. అడ్తి దుకాణంలో గుమాస్తా ఉంటాడు, ఆయన వ్యూ. పుస్తకంలో గీతలు, ఖాళీలతో అచ్చువేసి ఉన్న తక్‌పట్టీ టెంప్లేట్. కాంటా మీద తేలిన బరువు, పలికిన రేటు, రైతు పేరు కలిపితే కాంటెక్స్ట్. గుమాస్తా ఆ ఖాళీలు నింపి, చింపి చేతిలో పెట్టిన కాగితమే రెస్పాన్స్. ఇంట్లో ఎవరో ఒకరు యార్డుకు పోయొచ్చినవాళ్లే కాబట్టి ఇది రెండోసారి చెప్పాల్సిన పనిలేదు.

పోలిక అందంగా ఉందని కాదు దీన్ని ఉంచుకున్నది. తర్వాత వచ్చే ఎర్రర్లకు కూడా ఇది సరిపోతుంది. గుమాస్తా లెక్కంతా చేసి కాగితం ఇవ్వడం మరిచిపోతే? వ్యూలో చివర రిటర్న్ రాయడం మర్చిపోతే జాంగో సరిగ్గా అదే అంటుంది: ఈ వ్యూ రెస్పాన్స్ ఇవ్వలేదు, నన్ ఇచ్చింది అని. "కాగితం ఇయ్యలేదు సార్" అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటారు. సగం పాఠం అక్కడ అయిపోయినట్టే.

అసలు తగాదా: రెండర్ ఎప్పుడు చెప్పాలి

ఇక్కడే ఎక్కువ ఆలోచించాను.

అధికారిక పాఠం మెట్లు మెట్లుగా పోతుంది. ముందు వ్యూ నుంచి ఉత్త మాట ఒకటి హెచ్‌టీటీపీ రెస్పాన్స్‌గా పంపిస్తుంది. తర్వాత డేటాబేస్ నుంచి చివరి ఐదు ప్రశ్నలు తీసి కామాలతో కలిపి అదే విధంగా పంపిస్తుంది. అప్పుడు, పేజీ రూపం పైథాన్‌లో ఇరుక్కుపోయింది కదా, మార్చాలంటే కోడ్ ముట్టుకోవాలి కదా అని అడిగి టెంప్లేట్ తెస్తుంది. ఆ టెంప్లేట్‌ను కూడా మొదట ఫైలు వెతికి తెచ్చే లోడర్‌తో పిలిచి, దాన్ని నింపి, రెస్పాన్స్‌లో చుట్టి పంపిస్తుంది. అంతా అయ్యాక, ఈ పని అందరూ రోజూ చేసేదే కాబట్టి రెండర్ అనే దగ్గరి తొవ్వ ఉంది అని చెప్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం మన దగ్గర వీడియోల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి. మొదటి నిమిషంలోనే రెండర్, మూడు విషయాలు ఇవ్వండి, రిక్వెస్ట్, ఫైలు పేరు, డిక్షనరీ, అయిపోయింది. పేజీ వస్తుంది, పిల్లలు సంతోషిస్తారు.

రెండూ చెప్పి చూశాను. రెండర్‌తో మొదలుపెట్టిన బ్యాచ్ మొదటి రోజు ముందుంది. రెండో వారం ఎవరో వ్యూలో రెండర్ అని రాసి ముందు రిటర్న్ పెట్టలేదు. ఎర్రర్ చదివినా అర్థం కాలేదు, ఎందుకంటే రెస్పాన్స్ అనే వస్తువును వాళ్లెప్పుడూ చేత్తో పట్టుకోలేదు. రెండర్ అంటే పేజీని తెరకు అతికించే మంత్రం అనుకుంటున్నారు. అది రెస్పాన్స్‌ను తయారుచేసి చేతికిస్తుంది, బయటికి పంపడం మన పని అని తెలియదు.

అధికారిక దారిలో పోయిన బ్యాచ్‌కు ఆ సమస్య రాలేదు, వేరేది వచ్చింది. ఒకే వ్యూను మూడుసార్లు రాసి, రెండుసార్లు కొట్టేయాలి. ల్యాబ్‌లో కీబోర్డు ఉన్నవాళ్లకు ఫర్వాలేదు. ఇంటి దగ్గర ఫోన్‌లోనే సాధన చేసేవాళ్లకు మూడు వరుసలు చెరిపి మళ్లీ కొట్టడం అంటే చిన్న శిక్ష. పైగా కొట్టేసినప్పుడు పాత ఇంపోర్టులు అలాగే ఉండిపోతాయి. ఏది కావాలో ఏది వద్దో తెలియక, చివరికి ఫైలు పైభాగం పాత సామాన్ల గదిలా తయారవుతుంది.

ఇప్పుడు నేను పాటించేది మధ్యది. రెస్పాన్స్‌తో మొదలుపెడతాను, లోడర్‌ను వదిలేస్తాను. మొదటి వ్యూ ఉత్త మాట పంపిస్తుంది. రెండో వ్యూ పంటల పేర్లన్నీ కలిపి పంపిస్తుంది (ఓటింగ్ బదులు పంటలెందుకో కింద చెప్తాను). అప్పుడు ఒక పని చెప్తాను: ప్రతి పేరునూ కొత్త వరుసలో పెట్టి, బత్తాయిని మాత్రం ముదురు అక్షరాల్లో చూపించండి. పైథాన్ స్ట్రింగ్‌లో హెచ్‌టీఎంఎల్ ఇరికిస్తూ, కోట్లు ఎక్కడ మూయాలో తెలియక పది నిమిషాలు అల్లాడతారు. ఆ అల్లాట కావాలి. ఒక్కసారే కావాలి. అది పడ్డాక టెంప్లేట్, నేరుగా రెండర్‌తో. లోడర్ గురించి నోట్సు చివర రెండు వాక్యాలుంటాయి: రెండర్ లోపల జరిగేది ఇది, అధికారిక పాఠంలో కనిపిస్తే భయపడొద్దు.

అంటే చుట్టు తొవ్వలో ఏ మలుపు నొప్పి తెలుపుతుందో దాన్ని ఉంచుకుని, టైపింగ్ మాత్రమే పెంచే మలుపును తీసేశాను. మీ దగ్గర అందరికీ కంప్యూటర్లుండి, వారంలో రెండు క్లాసులుంటే అధికారిక దారిలోనే వెళ్లండి, లోడర్ చూడటం వల్ల నష్టమేమీ లేదు. ఒకే మధ్యాహ్నం వర్క్‌షాప్ అయితే మాత్రం నా పద్ధతి చూడండి.

టెంప్లేట్ల ఫోల్డర్ ఎక్కడ

"టెంప్లేట్ డస్ నాట్ ఎగ్జిస్ట్", అంటే టెంప్లేట్ దొరకలేదు అనే పసుపు ఎర్రర్ పేజీ చూడకుండా ఈ పాఠం దాటినవాళ్లు నాకు తగల్లేదు.

రెండు దారులున్నాయి. యాప్ ఫోల్డర్ లోపల టెంప్లేట్స్ అనే ఫోల్డర్, దాని లోపల మళ్లీ యాప్ పేరుతోనే ఇంకో ఫోల్డర్, అందులో ఫైలు. అధికారిక పాఠం చెప్పేది ఇది. ఇంకోటి, ప్రాజెక్టు మొత్తానికి పైన ఒకే టెంప్లేట్స్ ఫోల్డర్ పెట్టి, సెట్టింగ్స్‌లో దాని చిరునామా చెప్పడం.

మొదటిదాంట్లో పిల్లలకు వచ్చే ప్రశ్న న్యాయమైనది: యాప్ లోపలే ఉన్నాం కదా, మళ్లీ యాప్ పేరెందుకు? జవాబు ఇంటిపేరు లాంటిది. మా ఊళ్లో సైదులు అని కేకేస్తే నలుగురు పలుకుతారు. జాంగో టెంప్లేట్ వెతికేటప్పుడు అన్ని యాప్‌ల టెంప్లేట్స్ ఫోల్డర్లనూ ఒకే గుంపుగా చూస్తుంది. సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో ముందున్న యాప్‌లో ఆ పేరుతో ఫైలు దొరికితే అదే తీసుకుంటుంది, అది మీది కాకపోయినా సరే. రెండు యాప్‌ల్లోనూ ఇండెక్స్ ఫైలుంటే రెండోది ఎప్పటికీ తెరమీదికి రాదు. ఎర్రర్ కూడా రాదు, వేరే పేజీ వస్తుంది. ఎర్రర్ వచ్చినా బాగుండేది.

కానీ ఒకే యాప్‌తో ఉన్న కొత్తవాళ్లకు ఇది వినడానికి బాగుంటుందే తప్ప అవసరం కనిపించదు. అందుకే ప్రాజెక్టు స్థాయి ఫోల్డర్‌తో మొదలుపెట్టాలని ఒక టర్మ్ ప్రయత్నించాను. సెట్టింగ్స్ ఫైలులో చిరునామా రాయడంలో సగం మంది తప్పారు. స్లాష్, కామా, బేస్ డైరెక్టరీ అనే పదం, ఇవన్నీ మూడో పాఠంలో అదనపు బరువు. వెనక్కి వచ్చేశాను. యాప్ లోపలి దారిలో సెట్టింగ్స్ ముట్టుకోనవసరం లేదు, రెండో పాఠంలో యాప్‌ను జాబితాలో చేర్చి ఉంటే చాలు. నేరుగా మూడో పాఠం వీడియోతో మొదలుపెట్టేవాళ్లు ఆ చేర్చడమే మర్చిపోతారు, తర్వాత ఎంత వెతికినా తప్పు దొరకదు.

నోట్సులో ఈ చోట నేను చేర్చిన మంచి పని ఏదైనా ఉంటే, ఆ పసుపు పేజీని చదవడం నేర్పడం. ఏయే ఫోల్డర్లలో ఏ పేరుతో వెతికిందో జాంగో ఆ పేజీలోనే వరుసగా చెప్తుంది. పోస్ట్‌మార్టం అనేది దానికి జాంగో వాళ్లు పెట్టిన పేరే. ఆ వరుసను మన ఫోల్డర్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు దానంతటదే బయటపడుతుంది. మా దగ్గర ఎక్కువగా దొరికేవి మూడు: టెంప్లేట్స్ అని బహువచనం లేకుండా టెంప్లేట్ అని రాయడం, విండోస్ ఫైలు చివరి తోకను దాచిపెట్టడంవల్ల హెచ్‌టీఎంఎల్ తర్వాత టీఎక్స్‌టీ కూడా చేరడం, సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్ కొత్తగా పెట్టడం. మూడోదానికి మందు సర్వర్ ఆపి మళ్లీ నడపడమే.

ఓటింగ్ యాప్ ఉంచాలా, మన ఉదాహరణ పెట్టాలా

సొంత ఉదాహరణ పెట్టాలని ఎవరికైనా చేతులు దురద పెడతాయి. నాకూ పెట్టాయి. కానీ తొందరపడొద్దు.

అధికారిక ఓటింగ్ యాప్‌కు ఒక బలం ఉంది. అందులో ఏ ఎర్రర్ వచ్చినా, అదే ఎర్రర్ అంతకుముందే వేలమందికి వచ్చి ఉంటుంది. ప్రశ్న, ఛాయిస్ అనే పేర్లతో వెతికితే జవాబు దొరుకుతుంది. పిల్లవాడు రాత్రి పదకొండుకు ఒక్కడే కూర్చుని ఇరుక్కున్నప్పుడు ఆ బలం విలువ తెలుస్తుంది. సొంత ఉదాహరణ పెడితే ఆ తాడు తెగిపోతుంది.

ఓటింగ్ యాప్ బలహీనత ఏమిటంటే, మా వాళ్లకు అది ఎవరి పనో తెలియదు. "మీకు కొత్తగా ఏముంది" అనే ప్రశ్న, దానికింద ఛాయిస్‌లు. పేజీ వచ్చినా ఎవరికీ చూపించుకోవాలనిపించదు. అదే బత్తాయి టన్ను ఎంత, పల్లికాయ క్వింటాలు ఎంత అని చూపించే పేజీ అయితే అదే సాయంత్రం ఇంట్లో చూపిస్తారు.

నేను చేసిన రాజీ ఇది. ఉదాహరణ మార్చాను, ఆకారం మార్చలేదు. అధికారిక పాఠంలో ఒక ప్రశ్నకు చాలా ఛాయిస్‌లు. నా పాఠంలో ఒక పంటకు చాలా రోజుల రేట్లు. పంట టేబుల్ ప్రశ్న టేబుల్ స్థానంలో, రేటు టేబుల్ ఛాయిస్ స్థానంలో సరిగ్గా కూర్చుంటాయి. ఇండెక్స్, డిటైల్ అనే వ్యూ పేర్లు అలాగే ఉంచాను. నోట్సు మొదటి పేజీలో ఈ జతలు రాసిపెట్టాను. ఇరుక్కున్నవాళ్లు అధికారిక పేజీ తెరిచి, ప్రశ్న అని ఉన్నచోట పంట అని చదువుకుంటే సరిపోతుంది.

పాలమూరు వైపు చెప్పేవాళ్లు పల్లికాయతో, నారాయణపేట వాళ్లు కందులతో, మిర్యాలగూడ వాళ్లు వడ్లతో మొదలుపెట్టుకోవచ్చు. ఒక్కటి గమనించండి: బత్తాయికి టన్ను, మిగతావాటికి క్వింటాలు. కాబట్టి కొలత అనే కాలమ్ పంట టేబుల్‌లో ఉండాలి. మొదట్లో నేను టెంప్లేట్‌లోనే క్వింటాలు అని రాసేసి, బత్తాయి క్వింటాలుకు టన్ను ధర చూపించి నవ్వులపాలయ్యాను. టెంప్లేట్‌లో ఏది అచ్చువేయాలి, ఏది ఖాళీ వదలాలి అనే పాఠానికి ఇప్పుడు ఆ తప్పునే ఉదాహరణగా వాడుకుంటున్నాను.

లెక్క ఎవరు కట్టాలి

తక్‌పట్టీ పేజీ చేయగానే పిల్లలు టెంప్లేట్‌లోనే బరువును రేటుతో గుణించాలని చూస్తారు. జాంగో టెంప్లేట్‌లో కూడికకు ఒక ఫిల్టర్ (విలువను మార్చి చూపించే చిన్న పనిముట్టు) ఉంది, గుణకారానికి లేదు. కావాలనే పెట్టలేదు. 2003లో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో ఒక దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టిన ఫ్రేమ్‌వర్క్ ఇది, 2005లో బయటికి వచ్చింది. హెచ్‌టీఎంఎల్ తెలిసినవాళ్లు పైథాన్ రాకపోయినా పేజీ మార్చుకోగలగాలి అన్నది ఆ టెంప్లేట్ భాష వెనకున్న ఆలోచన. అచ్చు కాగితం లెక్క కట్టదు, గుమాస్తా కడతాడు.

మరి లెక్క వ్యూలో రాయాలా, మోడల్‌లో (టేబుల్‌ను వర్ణించే పైథాన్ క్లాసులో) మెథడ్‌గా రాయాలా? ఒక్క పేజీకే అయితే వ్యూలో చాలు. ఆ మొత్తం జాబితాలోనూ, విడి పేజీలోనూ కనిపించాలంటే మోడల్‌లోనే రాయండి. నేను మోడల్‌నే ఎంచుకున్నాను, ఇంకో కారణంతో కూడా. మోడల్ మెథడ్‌ను టెంప్లేట్‌లో పిలిచేటప్పుడు బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే, మిగిలిన ముక్కను చదవలేకపోయాను అని ఎర్రర్ వస్తుంది. పైథాన్‌లో బ్రాకెట్ లేకపోతే తప్పు, టెంప్లేట్‌లో ఉంటే తప్పు. ఈ తేడాను సొంత మెథడ్ మీద ఒకసారి చూస్తే, తర్వాత ఒక పంట రేట్లన్నీ తెచ్చే వరుసలో బ్రాకెట్లు ఎందుకు లేవని ఎవరూ అడగరు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది మాత్రం ఎర్రర్ రాని తప్పు. ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య వేరియబుల్ పేరు ఒక అక్షరం తప్పు రాస్తే జాంగో ఏమీ అనదు, అక్కడ ఖాళీ వదిలేస్తుంది. సెట్టింగ్స్‌లో తప్పు వేరియబుల్ బదులు ఒక హెచ్చరిక మాట కనిపించేలా పెట్టుకోవచ్చు. కానీ దాన్ని తప్పు వెతికేటప్పుడే వాడి తీసేయమని జాంగో డాక్యుమెంటేషనే చెప్తుంది, అడ్మిన్ పేజీలు దెబ్బతినొచ్చు. కొత్తవాళ్ల చేతిలో ఆ సెట్టింగ్ పెట్టడం నాకు ఇష్టం లేదు. బదులుగా, కావాలని పేరు తప్పు రాసిన టెంప్లేట్ ఒకటి ఇచ్చి, ఇందులో రేటు ఎందుకు రావట్లేదో కనుక్కోండి అంటాను. మొదటిసారి పావుగంట పడుతుంది. ఆ తర్వాత ఖాళీ కనిపిస్తే ముందు స్పెల్లింగే చూస్తారు.

త్వరగా తేలిపోయేవి

లేని పంట నంబరు అడిగితే 404, అంటే పేజీ దొరకలేదు అని చూపించాలి. అధికారిక పాఠం ముందు ట్రై, ఎక్సెప్ట్‌తో రాయించి తర్వాత గెట్ ఆబ్జెక్ట్ ఆర్ 404 చెప్తుంది. ట్రై లేకుండా ఒకసారి లేని నంబరు కొట్టించి ఆ ఎర్రర్ చూపించండి, తర్వాత నేరుగా చిన్నది చెప్పేయండి.

లింకుల్లో చిరునామాను చేత్తో రాయాలా, యూఆర్‌ఎల్ ట్యాగ్ వాడాలా? ట్యాగే. పాత్ మార్చి, చేత్తో రాసిన లింకు ఎలా తెగిపోతుందో చూపిస్తే వాదన ఉండదు. అధికారిక పాఠం ఈ ట్యాగ్‌ను ముందు యాప్ పేరు లేకుండా, తర్వాత యాప్ పేరుతో, రెండుసార్లు రాయిస్తుంది. నేను మొదటినుంచే యాప్ నేమ్ పెట్టిస్తాను. ఒకే యాప్ ఉన్నప్పుడు పేర్లు కొట్టుకునే నొప్పి ఎలాగూ కనిపించదు, మధ్యలో మార్చడంవల్ల "నో రివర్స్ మ్యాచ్" అనే ఎర్రర్ మాత్రం వస్తుంది.

జాబితా ఖాళీగా ఉన్నప్పుడు చెప్పే మాటకు ఇఫ్, ఎల్స్ కంటే ఫర్ లోపలి ఎంప్టీ ట్యాగ్ తేలిక.

క్లాసులతో రాసే వ్యూలు ఈ పాఠంలో వద్దు. టెంప్లేట్ పేరు చెప్పకుండానే, మోడల్ పేరునుబట్టి అదే ఊహించుకుని వెతుక్కుంటుంది. ఫైలు ఎక్కడుందో ఇంకా తడుముకునేవాళ్లకు అది మాయలాగే ఉంటుంది. అధికారిక పాఠం కూడా నాలుగో భాగం దాకా ఆగింది.

ఫ్లాస్క్ అనే ఇంకో చిన్న పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో చెప్తే ఇదంతా తేలిక కదా అని అడుగుతారు. నిజమే, ఒకే ఫైలు, పక్కన టెంప్లేట్స్ ఫోల్డర్, గంటలో పేజీ వస్తుంది. వ్యూ, టెంప్లేట్ అనే ఆలోచన మాత్రమే చెప్పాలంటే ఫ్లాస్క్ తీసుకోండి. రేట్లు ఎక్కించడానికి అడ్మిన్ పేజీ, డేటాబేస్ కూడా కావాలంటే జాంగో. ఒకే టర్మ్‌లో రెండూ వద్దు. ఫ్లాస్క్ వాడే జింజా టెంప్లేట్‌లో మెథడ్ పిలవాలంటే బ్రాకెట్లు కావాలి, జాంగోలో వద్దు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు.

వీడియోలు ఎంచుకునేవాళ్లకు ఒక గుర్తు: యూఆర్‌ఎల్ ఫైలులో పాత్ బదులు యూఆర్‌ఎల్ అనే ఫంక్షన్, పైకప్పు గుర్తు (^), డాలర్ గుర్తు ($) కనిపిస్తే ఆ వీడియో పాతది. పాత్ 2017 చివర్లో జాంగో 2.0తో వచ్చింది, పాత ఫంక్షన్‌ను 2021 డిసెంబరులో 4.0తో తీసేశారు. ఆ వీడియో ఎంత బాగా చెప్పినా వదిలేయండి. మొదటి ఇంపోర్టే ఆగిపోతుంది.

తెలుగులో ఎంతవరకు

వ్యూను వీక్షణ అని, టెంప్లేట్‌ను మూస అని రాయొచ్చు. తెలుగు వికీపీడియాలో మూస అనే మాట బాగా స్థిరపడింది, నాకు ఇష్టమైన మాట కూడా. అయినా నోట్సులో టెంప్లేట్ అనే రాస్తున్నాను. తెరమీద వచ్చే ఎర్రర్‌లో ఏ మాట ఉంటుందో, నోట్సులో అదే మాట ఉంటే పిల్లలు రెండింటినీ కలుపుకోగలరు. వివరణ తెలుగులో, కోడ్‌లో కామెంట్లు తెలుగులో, పేర్లు జాంగోవి.

పేజీలో చూపించే విషయం మాత్రం తెలుగులోనే ఉండాలి. అక్కడ అధికారిక పాఠంలో కనిపించని సమస్యలు కొన్ని మనకు తగులుతాయి. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. విండోస్ 10లో 2019 మే నాటి అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తుంది, అంతకు ముందు అలా కాదు. కాలేజీ ల్యాబుల్లో పాత మెషీన్లు ఇంకా ఉన్నాయి, చూసుకోండి.

చిరునామాలో నంబరు బదులు పంట పేరే పెడదాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చిరునామాలోని ముక్కను గుర్తుపట్టే స్లగ్ అనే కన్వర్టర్ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే ఒప్పుకుంటుంది. పేరును చిరునామాకు సరిపడేలా మార్చే స్లగిఫై ఫంక్షన్‌కు యూనికోడ్ అనుమతి ఇచ్చి చూశాం, అది గుణింతాలనూ ఒత్తులనూ ఊడగొట్టి బత్తాయిని "బతతయ" చేసింది. గదంతా నవ్వులు. మొదటి పాఠానికి నంబరే క్షేమం.

బహువచనం దగ్గర మాత్రం మంచి సంగతి ఒకటి దొరికింది. ప్లూరలైజ్ ఫిల్టర్ మామూలుగా చివర ఇంగ్లీషు ఎస్ తగిలిస్తుంది. దానికి కామా పెట్టి రెండు ముక్కలిస్తే మొదటిది ఏకవచనానికి, రెండోది బహువచనానికి వాడుకుంటుంది. క్వింటా అని రాసి, ఫిల్టర్‌కు "లు,ళ్లు" ఇవ్వండి. ఒకటైతే క్వింటాలు, పదైతే క్వింటాళ్లు.

పూర్తి హెచ్‌టీఎంఎల్, బేస్ ఫైలు

పాఠం పొట్టిగా ఉండటానికి అసంపూర్ణ హెచ్‌టీఎంఎల్ వాడుతున్నాం, మీ ప్రాజెక్టుల్లో మాత్రం పూర్తిగా రాయండి అని అధికారిక పాఠమే ఒప్పుకుంటుంది. కంప్యూటర్ మీద చూసేవాళ్లకు తేడా తెలియదు. మా పిల్లలు చూసేదీ చూపించేదీ ఫోన్‌లో. వ్యూపోర్ట్ వరుస లేకపోతే ఫోన్ ఆ పేజీని కంప్యూటర్ వెడల్పుకు వేసి కుదిస్తుంది, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. "సార్, ఇంట్లో ఎవ్వరికీ కనిపిస్తలేదు" అన్నాక బేస్ ఫైలును మూడో పాఠంలోకే తెచ్చాను. పూర్తి హెచ్‌టీఎంఎల్ దాంట్లో ఒక్కసారి రాసి, మిగతా పేజీలన్నీ ఎక్స్‌టెండ్స్‌తో దాన్ని పట్టుకుంటాయి. పాఠం ఇరవై నిమిషాలు పెరిగింది. క్లాసు గంటే ఉంటే, వ్యూపోర్ట్ వరుసను ప్రతి ఫైలులోనూ అతికించమని చెప్పి బేస్‌ను తర్వాతి వారానికి వాయిదా వేయండి.

బేస్ ఉండాల్సిన రెండో కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. సాధన కోసం రేట్లు మేమే నోటికొచ్చినట్టు ఎక్కించుకున్నాం. ఒకమ్మాయి తన పేజీని ఆన్‌లైన్‌లో పెట్టి, సంబరంగా ఇంటి గ్రూపులో లింకు పంపింది. దేవరకొండ దగ్గర వాళ్ల చిన్నాన్నకు బత్తాయి తోట ఉంది. ఆ రేటు చూసి, కాయ కోయించాలా ఇంకో వారం ఆగాలా అని ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి వణుకుతూ నాకు చేసింది.

తర్వాతి ఆదివారం మొదటి పని బేస్ ఫైలు పైన పసుపు పట్టీ ఒకటి పెట్టడం: "ఇవి నమూనా అంకెలు, నిజమైన రేట్లు కావు." ఒక్క ఫైలులో రాస్తే పేజీలన్నిటి మీదా వచ్చింది. టెంప్లేట్లను ఎందుకు విడదీయాలో చెప్పడానికి నేను వెతుక్కున్న ఉదాహరణలన్నిటికంటే అది బాగా ఎక్కింది. పట్టీ పెట్టాక లింకు మళ్లీ పంపమన్నాను. చిన్నాన్న చూసి ఒక్క మాట అడిగాడట: "ఇది ఉత్తదే అంటే, అసల్ది ఏ పేజీల వస్తది బిడ్డా?"